తూము, అలుగు రెండూ ఉన్న సంస్థ: సస్టెయినబిలిటీని, రెసిలియెన్స్‌ని కలిపి ప్లాన్ చేసుకునే పద్ధతి

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పట్లో నేను ఆ చుట్టుపక్కల ఒక మహిళా పాల సంఘంలో లెక్కలు చూసేదాన్ని. దానికి ఏడు నెలల ముందే సెంటర్ డాబా మీద సోలార్ పెట్టించాం, కరెంటు బిల్లు నెలకి ఆరు వేల దాకా తగ్గింది, ఇంక డీజిల్ పొగ ఎందుకని పాత జనరేటర్ అమ్మేశాం. తీర్మానం రాసింది నేనే. తుఫాను రోజు ఎవరూ పాలు పొయ్యలేదు, మర్నాడు సాయంత్రానికి కరెంటు వచ్చేస్తుందని చెప్తే ఆ పూట పాలు తీస్కున్నాం, తర్వాత రోజు పొద్దున కూడా తీస్కున్నాం. కరెంటు రాలేదు. ఏడో తారీఖు పొద్దున చక్కగా ఎండ కాసింది, ప్లేట్లు తళతళలాడుతున్నాయి, కింద బీఎంసీ, అంటే పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు మాత్రం చల్లబడట్లేదు. ఒకావిడ క్యాన్ దించుతూ అడిగింది, "ఎండ కాస్తోంది గదమ్మా, ప్లేట్లు పన్చెయ్యవా?" అని. నా దగ్గర సమాధానం లేదు. తొమ్మిది వందల లీటర్లు విరిగిపోయాయి, లీటరు నలభై ఐదు చొప్పున నలభై వేల ఐదొందలు. ఏడు నెలల్లో సోలార్ మిగిల్చింది దాదాపు అంతే.

ఎందుకు పన్చెయ్యలేదో తర్వాత తెలిసింది. మాది మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైన్‌కి కలిపి ఉండేది, లైన్‌లో కరెంటు పోయిన మరుక్షణం తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు, ఎందుకంటే మన ప్లేట్ల కరెంటు లైన్‌లోకి వెళ్తే తీగ బాగుచేస్తున్న లైన్‌మ్యాన్‌కి షాక్ కొడ్తుంది. కరెంటు లేనప్పుడు కూడా ఆ ప్లేట్లు పన్చెయ్యాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ ఉండాలి. ఈ ఒక్క ముక్క మాకు ముందు తెలిసుంటే జనరేటర్ అమ్మేవాళ్ళం కాదు.

అప్పట్నుంచి నేను ఏ సంస్థకి సాయం చెయ్యమన్నా ఈ రెండు విషయాలూ విడివిడిగా చూడను. ఒకటి సస్టెయినబిలిటీ, అంటే మనం వాడుకునే నీళ్ళు, మట్టి, మనుషులు, డబ్బు అరిగిపోకుండా పదేళ్ళకి ఇరవయ్యేళ్ళకి కూడా పని నడిచేట్టు చూస్కోవడం. రెండోది రెసిలియెన్స్, అంటే ఒక్కసారిగా దెబ్బ పడితే తట్టుకుని మళ్ళీ నిలబడటం. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, ఒకటి చేస్తే రెండోది దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. మా జనరేటర్ కథ చెప్పేది అలా రాదనే. కింద రాసింది పాల సంఘాలు, రైతు కంపెనీలు, చిన్న వర్క్‌షాపులు, స్కూళ్ళు, ఎన్జీవోలు, పది నుంచి వంద మంది పన్చేసే ఏ చోటైనా ఎవరి సాయం లేకుండా చేస్కోదగ్గ పద్ధతి. మొదటిసారికి రెండు మూడు వారాలు పడుతుంది.

మొదలుపెట్టే ముందు: చెరువుని గుర్తు చేస్కోండి

ఇంగ్లీషు మాటలతో బోర్డు మీటింగులో అందరికీ నిద్రొస్తుంది, అదే చెరువు అని చెప్పండి, పెద్దవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. చెరువుకి తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. తూము రోజూ వాడుకోవడానికి, ఆయకట్టుకి ఎంత కావాలో అంత వదలడానికి. అలుగు వరదొచ్చిన రోజుకి, కట్ట తెగకుండా ఎక్కువైన నీళ్ళు పక్కకి పోవడానికి. తూము బాగుండి అలుగు లేకపోతే ఒక్క వానకి గండి పడుతుంది. అలుగు ఎంత బాగున్నా తూము సరిగ్గా వాడకపోతే సంక్రాంతి నాటికే చెరువు అడుగంటుతుంది. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి, ఇప్పటికీ పొలాలకి నీళ్ళిస్తున్నాయంటే రెండూ చూసి కట్టారు కాబట్టే, మధ్యలో ఎన్నిసార్లు దెబ్బతిన్నా ఎవరో ఒకరు బాగుచేస్తూ వచ్చారు కాబట్టే.

ఇంకో సంగతి, ఇది అసలైంది. చెరువులో పూడిక ఏటా కొంచెం కొంచెం పెరుగుతుంది, ఎవరికీ కనపడదు. పూడిక పెరిగితే చెరువు పట్టే నీళ్ళు తగ్గుతాయి, అప్పుడు మామూలు వానకే నిండిపోతుంది, కట్ట మీద ఒత్తిడి పడుతుంది. అంటే నెమ్మదిగా జరిగే నష్టమే ఒక రోజు ఒక్కసారిగా పడే గండికి దారి వేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి, ఆ ఒక్కరోజు వానే కాదు కదా, ఏళ్ళ తరబడి వాగు ఇరుకైపోతూ వచ్చింది, ఆక్రమణలు పెరుగుతూ వచ్చాయి, గండ్లు పడింది మాత్రం ఆ రెండ్రోజుల్లో. సంస్థల్లో కూడా ఇంతే. పూడికా గండీ వేరే వేరే జబ్బులు కావు.

స్టెప్ 1: ఆగకూడని పని ఒక్కటి తేల్చుకోండి

ఒక తెల్ల కాగితం తీస్కోండి. మీ సంస్థలో ఏ పని ఆగితే నిజంగా మునిగిపోతారో ఒక్కటే రాయండి. పాల సంఘానికైతే పాలు చల్లబరచడం. మిగతావన్నీ, రిపోర్టులు, వెబ్‌సైటు, ఆడిట్, వారం ఆగినా కొంప మునగదు. దాని పక్కనే అది ఎంతసేపు ఆగొచ్చో రాయండి. పాలకైతే పితికిన మూడు నాలుగు గంటల్లో నాలుగు డిగ్రీలకి రావాలి. విత్తనాల కంపెనీకి అదే జూన్ మొదటి వారం, ఆ వారం దాటితే ఏడాది పోయినట్టే. స్కూలుకి మధ్యాహ్న భోజనం కావచ్చు, ఒక పూట. చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి జీతాల తారీఖు కావచ్చు.

అందరూ మూడు నాలుగు రాద్దామంటారు. ఒప్పుకోకండి. ఒక్కటి అని గట్టిగా పట్టుబడితేనే అసలు వాదన బయటకొస్తుంది, అసలు మనం ఎందుకున్నాం అనే దాకా వెళ్తుంది, ఆ వాదనే ఈ స్టెప్‌కి అసలు ఫలితం.

స్టెప్ 2: పూడిక జాబితా

ఇప్పుడు ఆ పనికి ఆధారమైనవాటిలో ఏవి నెమ్మదిగా తరిగిపోతున్నాయో రాయండి. అయిదేళ్ళ కిందట ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడిగితే చాలు. బోరు ఎన్ని అడుగుల్లో నీళ్ళిచ్చేది? పాలుపోసే ఆడవాళ్ళ సగటు వయసు ఎంత, వాళ్ళ పిల్లలు ఎవరైనా గేదెల్ని పెట్టుకున్నారా? పచ్చిగడ్డి ఎంత దూరం నుంచి తేవాల్సి వస్తోంది? అప్పు పెరిగిందా? రాత్రి ఎనిమిది తర్వాత ఆఫీసులో ఎంతమంది ఉంటున్నారు?

ఈ ఆఖరిది వదిలెయ్యొద్దు. మనుషులు అలిసిపోవడం కూడా పూడికే. ఒక మంచి సూపర్‌వైజరు మూడేళ్ళు సెలవు లేకుండా పన్చేస్తే అందరూ మెచ్చుకుంటారు, ఆయన ఉన్నట్టుండి మానేసిన రోజు సంస్థ మోకాళ్ళ మీద కూలబడుతుంది.

ఇక్కడ అంకెలు మీవే ఉండాలి. నెట్‌లో దొరికే జాతీయ సగటులు తెచ్చి పెడితే రిపోర్టు అందంగా ఉంటుంది, ఎవరూ ఏమీ మార్చుకోరు.

స్టెప్ 3: గండి ఎక్కడ పడుతుందో నడిచి చూడండి

ఇది కూర్చుని చేసే పని కాదు. ఉదయం మొదటి క్యాన్ వచ్చినప్పట్నుంచి ట్యాంకర్ వెళ్ళే దాకా వెనకాలే నడవండి, ప్రతి చోటా ఒకటే ప్రశ్న, ఇది ఒక్కటే ఉందా? ఒక్కటే దారి, ఒక్కడే డ్రైవరు, ఒక్కటే మోటారు, ఒక్కళ్ళే కొనేవాళ్ళు.

మేం అలా నడిచినప్పుడు దొరికిన వాటిల్లో నన్ను బాగా భయపెట్టింది ఒక ఫోను. సంఘం బ్యాంకు ఖాతా ఓటీపీ వెళ్ళేది మా సెక్రటరీ గారి సొంత నంబరుకి. ఆవిడ కూతురి పురుడుకి హైదరాబాద్ వెళ్తే పదిహేను రోజుల పాల డబ్బులు ఆవిడ ఫోను ఎత్తడం మీద ఆధారపడి ఉన్నాయి. ఆవిడ మంచిదే, ఎత్తేది. కానీ ఆ ఫోను నీళ్ళలో పడితే? ఖాతాకి ఇద్దరి సంతకం, సంఘం పేరు మీదే ఒక సిమ్ము, ఆ సిమ్ము ఉండే ఫోను ఆఫీసు బీరువాలో, దీనికి పైసా ఖర్చు కాలేదు, ఒక పూట బ్యాంకులో కూర్చోవాల్సి వచ్చింది అంతే.

ఒక్కటే ఉన్నవన్నీ రెండు చెయ్యలేరు, డబ్బులు చాలవు. స్టెప్ 1లో రాసిన ఆగకూడని పని మీద నేరుగా దెబ్బ పడేవి మాత్రం గుర్తుపెట్టి ఎర్ర పెన్నుతో గీయండి. మాకు పదిహేడు వచ్చాయి, ఎరుపు పడ్డవి నాలుగు.

స్టెప్ 4: రెండు ప్రశ్నల పరీక్ష

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్, దీని మీద ఎక్కువసేపు ఉండండి. ఇక మీదట ఏ నిర్ణయం తీస్కున్నా, ఏది కొన్నా ఏది అమ్మినా తీర్మానం పుస్తకంలో రెండు లైన్లు రాయాలి. ఇది పదేళ్ళలో ఏం మిగులుస్తుంది, ఏం తగ్గిస్తుంది? కరెంటు, రోడ్డు, ఫోను మూడ్రోజులు లేకపోతే ఇది పన్చేస్తుందా?

ఇలా అడిగితే నిర్ణయాలు నాలుగు రకాలుగా విడిపోతాయి. రెండిట్లోనూ మంచివి కొన్ని ఉంటాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పొలాలు చూస్తే తెలుస్తుంది, జొన్న, కంది, పెసర, కొర్ర అలా ఎన్నో రకాలు ఒకే చేలో కలిపి వేస్తారు. వాన ఆలస్యమైతే ఒకటి పోతుంది ఇంకోటి నిలబడుతుంది, పప్పుజాతి పంట నేలకి సత్తువ ఇస్తుంది, విత్తనం బూడిద, వేపాకు వేసి ఇంట్లోనే దాచుకుంటారు కాబట్టి జూన్‌లో ఎవరి కొట్టు ముందూ నిలబడక్కర్లేదు. 2019లో వాళ్ళకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అక్కడ భూమిని కాపాడే పని, కరువుని తట్టుకునే పని వేరే వేరే కాదు, ఒకే విత్తనాల బుట్టలో ఉన్నాయి. మీ సంస్థలో ఇలాంటివి ఏవో వెతికి ముందు వాటికే డబ్బు పెట్టండి. వాన నీటి ఇంకుడు గుంత, దగ్గర్లో దొరికే సరుకు, ఇద్దరికి నేర్పిన పని, ఇవన్నీ ఈ రకమే.

పచ్చగా ఉంటూ దెబ్బకి పడిపోయేవి రెండో రకం. మా సోలార్ ఇదే. సరుకు వృథా కాకూడదని నిల్వలు పూర్తిగా తగ్గించేసుకోవడం కూడా ఇదే. టయోటా వాళ్ళు ఎప్పటి సరుకు అప్పుడే తెప్పించుకునే పద్ధతికి ప్రపంచానికే గురువులు, గోడౌను ఖర్చు లేదు, వృథా లేదు. 1997 ఫిబ్రవరిలో వాళ్ళకి బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు ఇచ్చే ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ కాలిపోతే రోజుల్లోనే టయోటా ఫ్యాక్టరీలు ఆగాయి, చుట్టుపక్కల సప్లయర్లందరూ కలిసి ఆ వాల్వు తయారుచేసి ఇస్తే మళ్ళీ నడిచాయి. 2011 మార్చి భూకంపం తర్వాత వాళ్ళు ఒక పని చేశారు, తెప్పించుకోడానికి ఎక్కువ కాలం పట్టే చిప్పుల లాంటివాటికి మాత్రం సప్లయర్ల దగ్గర రెండు నుంచి ఆరు నెలల నిల్వ ఉంచమన్నారు. 2021లో చిప్పుల కరువొచ్చినప్పుడు మొదట్లో మిగతా కంపెనీలు ఆగిపోతుంటే వీళ్ళు నడిచారు. ఆ ఏడాది సెప్టెంబరు నాటికి వాళ్ళూ ప్రొడక్షన్ బాగా తగ్గించుకోవాల్సి వచ్చిందనుకోండి, నిల్వ అనేది కొంత టైము కొనిస్తుంది, పూర్తిగా కాపాడదు. ఇందులో మనం పట్టుకోవాల్సింది, వాళ్ళు తమ పద్ధతి వదిలెయ్యలేదు, అన్నిటికీ గోడౌన్లు కట్టలేదు, ఎక్కడ దెబ్బ పడితే కోలుకోడానికి నెలలు పడుతుందో అక్కడ మాత్రమే అలుగు పెట్టుకున్నారు.

మూడో రకం, ఇవ్వాళ కాపాడి రేపు ముంచేవి. అనంతపురం వైపు ఎండిన బోరు పక్కన ఇంకా లోతు బోరు వెయ్యడం అందరికీ తెలిసిందే, ఈ ఏడు గట్టెక్కుతాం, పక్కవాళ్ళ బోరు ఎండుతుంది, వాళ్ళు ఇంకా లోతుకెళ్తారు, చివరికి అందరికీ అప్పులు మిగుల్తాయి. సంస్థల్లో దీనికి సమానమైనది అప్పు తెచ్చి జీతాలివ్వడం, మనుషుల చేత డబుల్ డ్యూటీలు చేయించడం. ఒకసారి తప్పదు, కానీ తీర్మానం పుస్తకంలో దానికి ఆఖరి తారీఖు రాయాలి. తారీఖు లేని అత్యవసర ఏర్పాటు అలవాటైపోతుంది.

నాలుగో రకం రెండిట్లోనూ చెడ్డవి, వాటి గురించి చెప్పేదేముంది, ఆపెయ్యండి.

స్టెప్ 5: అలుగుకి డబ్బు

మిగులు వచ్చిన ఏడు బోనస్ పంచేద్దామని అందరికీ ఉంటుంది. పంచండి, కానీ ముందు కొంత పక్కకి తియ్యండి. నా లెక్క ఏంటంటే మూడు నెలల తప్పనిసరి ఖర్చు, అంటే జీతాలు, కరెంటు, కిరాయి, సభ్యులకి ఒక పక్షం చెల్లింపు. అది వేరే ఖాతాలో ఉండాలి, వేరే బ్యాంకులో ఉంటే ఇంకా మంచిది, ఎప్పుడు తియ్యొచ్చో ముందే రాసుండాలి. లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది, ముందురోజు రాత్రి చెప్పారు, ఆ టైములో నిలబడ్డ చిన్న సంస్థల్ని నేను దగ్గర్నుంచి చూశాను, ఐడియాలు ఉన్నవాళ్ళ కంటే చేతిలో రెండు నెలల డబ్బున్నవాళ్ళే ఎక్కువ నిలబడ్డారు. డబ్బుంటేనే ఆలోచించుకోడానికి టైము దొరుకుతుంది.

ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది. రైతుకి అప్పిచ్చేదీ, ఎరువులిచ్చేదీ, పంట కొనేదీ, మిల్లు ఆడించేదీ ఒకే సంఘం కావడం వల్ల ఒక పనిలో దెబ్బ తగిలినా ఇంకో పని మోస్తుంది, పైగా దాన్ని నడిపే డబ్బులో సభ్యుల సొంత పొదుపు ఉంది, సొంత డబ్బు ఉన్నచోట ప్రశ్నించేవాళ్ళుంటారు. గ్రాంటు మీదే నడిచే సంస్థలకి ఇది చాలా కష్టం, ఒప్పుకుంటాను, అయినా సభ్యత్వ రుసుము పది రూపాయలైనా సరే వసూలు చెయ్యడం మొదలుపెట్టండి.

స్టెప్ 6: నీరటి ఎవరు?

చెరువుకి నీరటి ఉండేవాడు. అర్ధరాత్రి వానొస్తే ఎవర్నీ అడక్కుండా వెళ్ళి చూసి తూము ఎత్తడమో దించడమో తేల్చేవాడు. మీ సంస్థలో అర్ధరాత్రి ఫోను చేస్తే నిర్ణయం తీస్కునే అధికారం ఎవరికుంది, ఎన్ని వేల దాకా ఖర్చు పెట్టొచ్చు? మా సెంటర్‌లో ఆ రోజు జనరేటర్ కిరాయికి తెద్దామని సెంటర్ అమ్మాయికి ఆలోచన వచ్చింది, రోజుకి నాలుగు వేలు అడిగారట, ప్రెసిడెంటు గారిని అడక్కుండా ఎలా అని ఆగింది, ఫోన్లు పన్చెయ్యట్లేదు. నలభై వేలు పోయాయి. ఆ అమ్మాయి తప్పు కాదు, తనకి ఆ అధికారం మేం ఇవ్వలేదు. ఇప్పుడు సెంటర్ ఇన్‌ఛార్జి పది వేల దాకా అడక్కుండా ఖర్చు పెట్టొచ్చని గోడ మీద రాసుంది.

స్టెప్ 7: మెయిన్ ఆపి చూడండి

ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, అక్టోబరు తుఫాన్లకి ముందు ఒకసారి, ముందు చెప్పకుండా మెయిన్ స్విచ్ ఆపండి. పాలు తక్కువుండే పూట చూస్కోండి. ఏం జరుగుతుందో రాసుకోండి. మేం మొదటిసారి చేసినప్పుడు కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ జనరేటర్ స్టార్ట్ అవ్వలేదు, బ్యాటరీ డౌన్. రెండోసారి స్టార్ట్ అయింది, డీజిల్ లేదు. మూడోసారి అన్నీ ఉన్నాయి, గది తాళం చెవి దొరకలేదు. మూడుసార్లూ కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

స్టెప్ 8: దెబ్బ తగిలాక పది రోజుల్లో కూర్చోండి

ఎప్పట్లాగే తిరిగి కట్టెయ్యాలని తొందర ఉంటుంది. ఆగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వైజాగ్‌లో స్తంభాలు నేలకొరిగాక, మళ్ళీ అవే స్తంభాలు నిలబెట్టడంతో ఆగకుండా ప్రపంచ బ్యాంకు సాయంతో కొన్ని ప్రాంతాల్లో కేబుళ్ళు భూమిలోకి దించారు. ఖర్చెక్కువ, కానీ దెబ్బ చూపించిన చోటే మార్చారు. మీరు కూడా పది రోజుల్లోపు, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే, అటెండరు నుంచి ప్రెసిడెంటు దాకా అందర్నీ కూర్చోబెట్టి ఎవరిది తప్పు అని కాకుండా ఏ గంటకి ఏం జరిగింది అని రాయండి. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద పెయింటుతో గీత గీసి తారీఖు వెయ్యండి, స్టాకు ర్యాకులు ఆ గీత పైనే ఉండాలి.

కొలతల గురించి ఒక్క మాట. పెద్ద లిస్టెడ్ కంపెనీలు, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి, 2022-23 నుంచి షేర్ మార్కెట్‌ని చూసే సెబీ రూలు ప్రకారం బీఆర్ఎస్ఆర్ అనే సస్టెయినబిలిటీ రిపోర్టు ఇవ్వాలి, దాంతో వాళ్ళకి సరుకిచ్చే చిన్న సంస్థల్ని కూడా కరెంటెంత నీళ్ళెంత అని అడగడం మొదలైంది. అడిగితే ఇవ్వండి, కానీ మీ కోసం మీరు అయిదు అంకెలు పెట్టుకోండి చాలు: లీటరు పాలకి కరెంటు, లీటరుకి నీళ్ళు, చేతిలో ఎన్ని రోజుల డబ్బు, ఒక్కళ్ళకే తెలిసిన పనులెన్ని, మెయిన్ ఆపినప్పుడు ఎన్ని నిమిషాల్లో తేరుకున్నాం. మొదటి రెండూ తూముకి, చివరి రెండూ అలుగుకి, మధ్యది రెండిటికీ. నెలనెలా సభ్యులకి కనపడేట్టు బోర్డు మీద చాక్‌పీసుతో రాయండి.

మా సెంటర్‌లో ఇప్పుడున్న ఏర్పాటు చెప్తా, ఇలాగే చెయ్యాలని కాదు. సోలార్ అలాగే ఉంది, బిల్లు అలాగే తగ్గుతోంది. పెద్ద బ్యాటరీ పెట్టి కంప్రెసరు నడపాలంటే మా తాహతు సరిపోలేదు, అందుకని చిన్న హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టి ఫ్యాట్ మిషను, తూకం, కంప్యూటరు మాత్రం దానికిచ్చాం. పగలు సోలార్ ఎక్కువున్నప్పుడు ఐస్ కట్టించి చల్లదనం దాచుకునే ఐస్ బ్యాంక్ ట్యాంకు కోసం డబ్బు కూడబెడుతున్నాం, అదొస్తే జనరేటర్ అవసరం ఇంకా తగ్గుతుంది. అప్పటిదాకా జనరేటర్ ఉంటుంది, నెలకి ఒకసారి పావుగంట నడుస్తుంది, నలభై లీటర్ల డీజిల్ మూడు నెలలకోసారి వాడేసి కొత్తది పోస్తాం. ఆ గది తాళం చెవులు రెండు, ఒకటి సెంటర్ ఇన్‌ఛార్జి దగ్గర, ఇంకోటి ఎదురింటి సుబ్బమ్మత్త దగ్గర, ఎందుకంటే ఆవిడ ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళదు.